సందర్శకులు ఏడు ప్రశ్నలు అడగవలెను

మా మనవరాలు హిమజకు ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకే వచ్చింది. ఆ సంగతి కాలేజీవారు కూడా ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే, సీటుకు ర్యాంకు ఒక్కటే చాలదని ఉత్తరం రాశారు. ర్యాంకుకు డెబ్బై మార్కులు. మిగతా ముప్పై క్యాంపస్ సందర్శనకు. ఆ ముప్పైలో పదిహేను పిల్లకు, పదిహేను పిల్ల వెంట వచ్చిన పెద్దకు.

ఉత్తరం కింద నిబంధనలు ఉన్నాయి. సందర్శకులు ప్రాంగణంలో కనీసం ఏడు ప్రశ్నలు అడగవలెను. అవునని గాని కాదని గాని జవాబు వచ్చే ప్రశ్న అర ప్రశ్నగా పరిగణింపబడును. ఆ రోజు ఇంకొకరు అడిగిన ప్రశ్నను తిరిగి అడిగినచో కాపీగా భావించి ఒక మార్కు కోయబడును. వెంట వచ్చిన పెద్ద ఏడుకు లోపు అడిగినచో ఆ పిల్లకు సీటు లేదు.

ఇదంతా ఎందుకంటే, కాలేజీలకు గ్రేడులు ఇచ్చే మండలి ఒకటుంది. పాఠాలు ఎలా చెబుతున్నారో కూర్చుని చూడటం కష్టమని వాళ్లకు తోచింది. చూడటానికి వచ్చినవాళ్లు ఎన్ని ప్రశ్నలు అడిగితే అంత మంచి కాలేజీ అని తేల్చారు. లెక్క తేలిక. అప్పటి నుంచి ప్రతి కాలేజీ ప్రశ్నలను పోగు చేసుకోవడం మొదలుపెట్టింది. ఈ కాలేజీకి కిందటేడు తొంభై వేలు వచ్చాయట. గేటు మీద బోర్డు కూడా పెట్టారు.

హిమజ కోరింది సివిలు. చిన్నప్పుడు నా వెంట లాకుల మీదికి వచ్చి, షట్టరు ఎత్తగానే నీళ్లు ఎలా విరుచుకుపడతాయో చూసేది. ఆ నీళ్లను కొలిచే చదువు ఒకటి ఉందని తెలిసిన నాటి నుంచి అదే పట్టు. మా వైపు నీళ్ల ల్యాబు ఉన్న కాలేజీ ఇదొక్కటే. హాస్టలుకు పంపడానికి వాళ్లమ్మ ఒప్పుకోదు. ఇక్కడ రాకపోతే ఇక ఆ చదువు లేనట్టే.

అల్లుడు లారీ తీసుకుని కటక్ వెళ్లాడు. మా అమ్మాయి కళావతి అంగన్‌వాడీలో చేస్తుంది. సరిగ్గా సందర్శన రోజే వాళ్లకు తనిఖీ పడింది. మిగిలింది నేను. ముప్పై నాలుగేళ్లు కాలవ మీద లస్కరుగా చేశాను. షట్టర్లు ఎత్తడం, దించడం. అందులో మాటలతో పని లేదు. చదివింది మూడో తరగతి.

"నాన్నా, ఏడంటే ఏడే" అంది కళావతి. "నా పెళ్లిచూపులప్పుడు ఆళ్లని ఒక్క ముక్క అడిగావు కాదు. ఇప్పుడన్నా నోరు తెరు."

అప్పుడు అడగవలసింది ఏమీ కనపడలేదు. అల్లుడు మంచివాడే.

కోచింగు లేకుండా మావాళ్లు ఏ పనీ చెయ్యరు కనక సందర్శనకూ కోచింగు వచ్చింది. మండల కేంద్రంలో భానోజీ మాస్టారు పదిహేను రోజుల బ్యాచి పెట్టాడు. పిల్లలకు పొద్దున, పెద్దలకు సాయంత్రం. మూతబడిన రైసుమిల్లు షెడ్డులో కుర్చీలు వేసి ఒక్కో కుర్చీకి ఒక అట్టముక్క కట్టాడు. లైబ్రరీ, క్యాంటీను, ల్యాబు, ఆటస్థలం. మేము ఒక కుర్చీ దగ్గర నుంచి ఇంకో కుర్చీ దగ్గరికి నడుస్తూ ప్రశ్నలు అప్పజెప్పాలి. మొదటి రోజు నాకు కాళ్లు లాగి ఒక కుర్చీలో కూలబడ్డాను.

"గనిరాజు గారూ, మీరు లైబ్రరీ మీద కూచున్నారండీ" అన్నాడు మాస్టారు.

లేచి ఆటస్థలం మీద కూర్చున్నాను.

ఒకరు అడిగింది ఇంకొకరు అడగకూడదు కాబట్టి మాస్టారు తన దగ్గరున్న ఆరువందల పన్నెండు ప్రశ్నలనూ మనుషులకు పంచాడు. నా వంతుకు క్యాంటీనువి ఏడు వచ్చాయి. మొదటిది, "ఆహార పదార్థాల నాణ్యతను ఏయే ప్రమాణాల ఆధారంగా నిర్ధారిస్తున్నారు" అని. పదిహేను రోజులు కష్టపడితే "నాణ్యతను" దాకా వచ్చింది.

నా పక్కన రొయ్యల చెరువుల అంజిబాబు ఉండేవాడు. కొడుకును కంప్యూటర్లలో చేర్చాలని వచ్చాడు. అతని వంతు ముప్పై నాలుగు. అవి నాలుగు రోజుల్లో మింగేసి, ఊరికే ఉండలేక నావి కూడా వింటూ ఉండేవాడు.

"బాబాయ్, నువ్వు అడిగేలోపు క్యాంటీను కట్టేత్తారు" అనేవాడు.

సందర్శన రోజున గేటు దగ్గర మా మెడలో ఎర్ర బిళ్లలు వేశారు. ఏడు ప్రశ్నలు పూర్తయితే ఎర్రది తీసి పచ్చది వేస్తారు. చేతికొక సంచి ఇచ్చారు. అందులో కాలేజీ బొమ్మ ఉన్న మంచినీళ్ల సీసా, పెన్ను, పుస్తకం. ముప్పై మందికి ఒక గుంపు. మా గుంపును తిప్పడానికి సుధీర అని మూడో సంవత్సరం పిల్ల వచ్చింది. చేతిలో ట్యాబు ఉంది. ఎవరు ఏది అడిగినా జవాబు చెప్పదు. ట్యాబు మీద ఒక్క నొక్కు నొక్కి, చాలా మంచి ప్రశ్న అంటుంది.

ముందు సభ. సందర్శనల డీన్ శేషఫణి గారు వేదిక ఎక్కారు. బూట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి.

"ప్రశ్నించే సంరక్షకుడే ప్రగతికి పునాది" అన్నారు. "అయితే మిత్రులారా, జవాబు అనేది ప్రశ్న యొక్క ఆయుర్దాయాన్ని హరిస్తుంది. జవాబు పొందిన ప్రశ్న నెలాఖరున మన మొత్తంలోంచి తొలగింపబడుతుంది. కావున జవాబుల విషయమై మా సంస్థ పొదుపు పాటిస్తున్నది. జవాబు చెప్పు అధికారం అధ్యాపకులకు మాత్రమే కలదు. వారు కూడా దానిని వినియోగించకుండా శిక్షణ పొందియున్నారు."

అందరూ చప్పట్లు కొట్టారు. అంజిబాబు లేచి, శిక్షణ ఎన్ని రోజులని అడిగాడు. చాలా మంచి ప్రశ్న అన్నారు డీన్ గారు.

తరువాత తరగతి గది చూపించారు. గుంపు లోపలికి రాగానే లెక్చరరు పాఠం అందుకున్నాడు. పది నిమిషాలయ్యాక ఆపి, మళ్లీ మొదటికి వచ్చాడు. గుంపులు పది నిమిషాలకొకటి వస్తాయి కనక అందరికీ మొదలు నుంచి వినపడాలని అలా ఏర్పాటు చేశారట. పిల్లలు ఆయనతోపాటు పెదాలు కదుపుతున్నారు. ఒక కుర్రాడు ఆయనకంటే రెండు ముక్కలు ముందున్నాడు. బోర్డు మీది లెక్క పెయింటుతో రాసి ఉంది. దాని పక్కన కొద్దిపాటి చోటు ఖాళీగా వదిలారు, చాక్‌పీసుతో గీత గీసుకోవడానికి.

లైబ్రరీలో పుస్తకాలు అద్దాల వెనక ఉన్నాయి. ఎవరైనా తీసుకువెళ్తే అరలో ఖాళీ కనపడుతుందని తాళం వేశారు. బల్లల దగ్గర మాత్రం చాలామంది శ్రద్ధగా చదువుకుంటున్నారు. అందులో ఒకాయనకు నెరిసిన గడ్డం ఉంది. ఆయన విద్యార్థి కాదని, పేరు కోటిలింగం మాస్టారని, మామూలు రోజుల్లో సివిల్ లెక్చరరని, సందర్శన రోజుల్లో ఇక్కడ పాఠకుడిగా డ్యూటీ వేస్తారని సుధీర మెల్లగా చెప్పింది. చెప్పాక నాలుక కరుచుకుంది. అది జవాబు కిందికి వస్తుంది.

క్యాంటీను రాగానే హిమజ నా మోచెయ్యి పట్టుకుంది. తన పదిహేను మార్కులూ అప్పటికే వచ్చేశాయి. అడిగిన ప్రతిదాన్నీ సరిగ్గా ఆపి, సరిగ్గా గొంతు ఎత్తి, భానోజీ మాస్టారు నేర్పినట్టే అడిగింది. ఆ గొంతు ఆ పిల్లది కాదు. నేను గొంతు సవరించుకున్నాను. ఈలోగా అంజిబాబు ముందుకు వచ్చి, ఆహార పదార్థాల నాణ్యత దగ్గర మొదలుపెట్టి, నా ఏడూ ఒక్క ఊపులో అడిగేశాడు. అతనికి నలభై ఒకటి అయ్యాయి. మెడలో పచ్చ బిళ్లతోపాటు పూలదండ వేశారు.

"ఏమనుకోకు బాబాయ్, ఫ్లోలో వచ్చేసినియ్యి" అన్నాడు నాతో.

నేను "ఆహార" అని మొదలుపెట్టేసరికి ట్యాబు ఎర్రగా వెలిగింది. కాపీ. ఒక మార్కు పోయింది. హిమజ నా మోచెయ్యి వదిలింది.

ఇక మిగిలింది సివిలు ల్యాబు ఒక్కటే. అక్కడ పెద్ద హాలు మధ్యలో సిమెంటుతో కాలవ కట్టారు. ఇరవై అడుగుల పొడవు, నడుమెత్తు. మధ్యలో చిన్న షట్టరు, దానికో చక్రం. ఒక చివర "ఎగువ" అని, ఇంకో చివర "దిగువ" అని బోర్డులు. అడుగున నీళ్ల బదులు నీలం రంగు వేసి, అలలు కూడా గీశారు. రెండు చోట్ల చేపలు ఉన్నాయి. గుంపులోవాళ్లు ఫోటోలు తీసుకున్నారు.

నేను వంగి అరచెయ్యి వేసి చూశాను. ఈ చివర నుంచి ఆ చివరికి చేత్తో పాముకుంటూ నడిచాను. మళ్లీ వెనక్కి వచ్చాను. కాలవ వాటం, అంటే నీళ్లు జారే వాలు, దిగువ వైపు ఉండాలి. ఇది ఎగువ వైపుకి ఉంది. కట్టినవాడు ఎవరో గాని, బోర్డులైనా మార్చి పెట్టాల్సింది.

"ఇందులో నీళ్లు ఎప్పుడు వదిలారండీ" అని అడిగాను.

సుధీర ట్యాబు నొక్కబోయి ఆగింది. వెతికింది. ట్యాబులో ఉన్నవీ భానోజీ మాస్టారి ఆరువందల పన్నెండే. వాటిలో ఈ ప్రశ్న లేదు. ఎవరికో ఫోను చేసింది. కాసేపటికి డీన్ గారు, వెనకాల ప్రశ్నల నియంత్రణాధికారి వచ్చారు. కాలవ పక్కన మూడు కుర్చీలు వేసి అక్కడికక్కడే కమిటీ కూర్చుంది. మూడో కుర్చీ ల్యాబు బాధ్యుడిది. ఆ బాధ్యుడు కోటిలింగం మాస్టారే కనక లైబ్రరీలోంచి ఆయన్ని పిలిపించారు. ఆయన పేజీలో వేలు పెట్టుకునే వచ్చాడు.

నియంత్రణాధికారి ఇది సిలబస్‌లో లేని ప్రశ్న అన్నాడు. అలాంటిది వస్తే పరీక్షల్లో చేసినట్టే హాజరైన అందరికీ మార్కులు కలపాలన్నాడు. అంజిబాబు ఒప్పుకోలేదు. అందరికీ కలిపితే తను నలభై ఒకటి అడిగి లాభమేమిటని, కోర్టుకు వెళ్తానని అన్నాడు. పూలదండ సర్దుకుంటూ అన్నాడు.

అయితే జవాబు చెప్పి ముగిద్దామని డీన్ గారు కోటిలింగం మాస్టారి వైపు చూశారు. తొమ్మిదేళ్లయిందండీ కట్టి, ఒక్కసారీ వదల్లేదు, సందర్శకుల బూట్లు తడుస్తాయని అనుమతి ఇవ్వలేదు అన్నాడాయన. డీన్ గారు కళ్లు మూసుకున్నారు. లేదు అనేది ప్రతికూల జవాబు. సందర్శన రోజున ప్రతికూల జవాబు చెప్పడం నిషేధం.

"అందుచేత సదరు ప్రశ్న పరిశీలనలో ఉన్నట్టుగా నమోదు చేయడమైనది" అన్నారు చివరికి. "అది పరిష్కృతమగు వరకు సివిల్ విభాగంలో సీట్ల కేటాయింపు నిలుపుదల చేయడమైనది."

ఎప్పుడు పరిష్కారమవుతుందని మా హిమజ అడిగింది. నీళ్లు వదిలితే అవుతుందన్నారు. నీళ్లు ఎప్పుడు వదులుతారంది. సివిల్‌లో పిల్లలు చేరాక అవసరాన్ని బట్టి వదులుతామన్నారు. చాలా మంచి ప్రశ్నలని మెచ్చుకున్నారు కూడా.

నియంత్రణాధికారి ఒక కాగితం నా ముందు పెట్టాడు. ప్రశ్నను వెనక్కి తీసుకుంటున్నానని సంతకం చేస్తే సివిల్‌లో మిగతా పిల్లలకు సీట్లు వస్తాయి. నేను మాత్రం ఏమీ అడగనివాణ్ణి అవుతాను. హిమజకు రాదు.

"తాతా, పెట్టెయ్" అంది హిమజ. "ఆళ్లన్నా చదువుకుంటారు." ఈసారి గొంతు దానిదే.

పెన్ను కోసం సంచిలో చెయ్యి పెట్టాను. చేతికి నీళ్ల సీసా తగిలింది. మూత తీశాను. షట్టరుకు దిగువన, చేప బొమ్మ మీద, సీసా వంచాను.

నీళ్లు ఒక్క క్షణం అక్కడే నిలబడ్డాయి. తరువాత వెనక్కి తిరిగాయి. ఎత్తి ఉన్న షట్టరు కింద నుంచి నడుచుకుంటూ "ఎగువ" అన్న బోర్డు దాకా వెళ్లి, అక్కడ గట్టు పగులులోంచి కారి డీన్ గారి కుడి బూటులో పడ్డాయి.

హిమజ కాలవ దిగువ చివర వంగి, కన్ను అడుగు మట్టానికి ఆనించి చూసింది.

"తాతా, ఇక్కడ రెండంగుళాలు ఎత్తుంది. ఈ చివర తగ్గించాలా, ఆ చివర పెంచాలా?"

"షట్టరు గడప ఎక్కడుందో చూడు. దాన్ని కదపలేం. దాన్ని బట్టి రెండువైపులా సరిచెయ్యాలి" అన్నాను.

లైబ్రరీలో పాఠకుల డ్యూటీలో ఉన్న పిల్లలు ఆరుగురు, వాళ్ల మాస్టారు ఎందుకు రాలేదో చూద్దామని వచ్చి అక్కడే నిలబడిపోయారు. ఒకడు గడప అంటే ఏమిటని అడిగాడు. దించిన షట్టరు కూర్చునే దిమ్మె అన్నాను. ఇంకొక పిల్ల, నీళ్లు ఎక్కువ వచ్చినప్పుడు షట్టరు ముందు ఎత్తాలా, దిగువ వాళ్లకు కబురు ముందు పంపాలా అని అడిగింది. కబురు ముందు అన్నాను. కోటిలింగం మాస్టారు పేజీలోంచి వేలు తీసేసి, ఇంత చిన్న కాలవకు వాటం ఎంత ఇవ్వాలని నన్నే అడిగాడు. చెప్పాను. ఆయన అద్దాలు తుడుచుకుని రాసుకున్నాడు. నేను అంతసేపు మాట్లాడటం హిమజ ఎప్పుడూ చూడలేదు. నేనూ చూడలేదు.

సుధీర ట్యాబు ఆగకుండా మోగుతోంది. నియంత్రణాధికారి అది లాక్కుని చదివాడు. కమిటీకి వినపడేలా లెక్క చెప్పాడు. విద్యార్థులు అడిగినవి లెక్కలోకి రావు, వాళ్లు సందర్శకులు కారు. సందర్శకుడు గనిరాజు అడిగినది ఒకటి. చెప్పిన జవాబులు పదకొండు. సందర్శకుడు జవాబు చెప్పినట్టు మండలికి తెలిస్తే కాలేజీ గ్రేడు పోతుంది. ట్యాబులోకి ఎక్కింది తీయడం కుదరదు.

కమిటీ మళ్లీ కూర్చుంది. డీన్ గారు తడిసిన బూటు విప్పి పక్కన పెట్టి ఆలోచించారు. నిబంధనల పుస్తకం తెప్పించారు. జవాబు చెప్పు అధికారం అధ్యాపకులకు మాత్రమే కలదు అన్న చోట ఆగారు. రెండుసార్లు చదివారు.

"నిబంధన ప్రకారం అధ్యాపకుడు కానివాడు జవాబు చెప్పజాలడు" అన్నారు. "ఈయన చెప్పియున్నాడు. కాబట్టి ఈయన అధ్యాపకుడై యుండవలెను. సివిల్‌లో ఒక ఖాళీ కూడా ఉన్నది."

చదువు ఎంతని అడిగారు. మూడో తరగతి అన్నాను. మూడు అని రాసుకుని పక్కన ఇంకేమీ రాయలేదు. నా మెడలో ఎర్ర బిళ్ల తీసి నీలం బిళ్ల వేశారు. దాని మీద అధ్యాపకుడు అని ఉంది. అధ్యాపకుల పిల్లలకు, మనవలకు సందర్శన మార్కులు అవసరం లేదు. నా ప్రశ్న కూడా సందర్శకుడి ప్రశ్న కాకుండా పోయింది కనక నిలుపుదల ఎత్తేశారు. ఆ సాయంత్రమే హిమజ పేరు పట్టికలో ఎక్కింది.

బస్సులో అంజిబాబు నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు నా బిళ్లనే చూశాడు.

"మాస్టారూ, మా వాడికి కాస్త చెప్పండి" అన్నాడు.

అప్పటి నుంచి సందర్శన రోజుల్లో నాకు డ్యూటీ పడుతోంది. కాలవ పక్కన నిలబడాలి. నా ప్రశ్న ఆరువందల పదమూడోదిగా భానోజీ మాస్టారి పుస్తకంలో చేరింది. గుంపులోంచి ఎవరో ఒకరు వంగి, కాలవను అరచేత్తో పామి, ఇందులో నీళ్లు ఎప్పుడు వదిలారండీ అంటారు. పామడం కూడా కోచింగులో నేర్పుతున్నారు. నోరు విప్పి జవాబు చెప్పరాదని నాకు రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చారు. అది నాకు కష్టం కాదు.

నాలుగింటికి సందర్శకులు వెళ్లిపోయాక మాత్రం హిమజ, ఆ ఆరుగురు పిల్లలు, కోటిలింగం మాస్టారు వస్తారు. ల్యాబు తాళం ఆయన దగ్గరే ఉంటుంది. కాలవ సరిచెయ్యడానికి వేసవి దాకా పట్టింది. సందర్శనలు ఆగిన నెలల్లో అడుగంతా పగలగొట్టాం. హిమజ నీళ్లు నింపిన గొట్టంతో మట్టం పట్టింది. గడప నుంచి రెండువైపులా సిమెంటు వేసి వాటం తిప్పాం. ఎగువ గట్టు పగులు పూడ్చి, దిగువ చివర తెరిచి ఉంచాం. తోటలోని కుళాయి నుంచి పైపు లాగి కాలవ తల దగ్గర ఒక తొట్టి పెట్టాం. పైన మళ్లీ నీలం రంగు వేసి, అలలు గీసి, చేపలను ఎక్కడివి అక్కడ పెట్టాం. ఎవరికీ తేడా తెలియలేదు.

ఈ ఏడు జూన్‌లో మొదటి సందర్శన రోజు. అంజిబాబు కూతుర్ని తీసుకుని వచ్చాడు. వెనక గుంపు. డీన్ గారు కొత్త బూట్లు వేసుకుని స్వయంగా దగ్గరుండి తిప్పుతున్నారు. ల్యాబులోకి వచ్చి, "దిగువ" అన్న బోర్డు ముందు నిలబడి, ఈ ప్రాంగణంలోకెల్లా అత్యధిక ప్రశ్నలు ఆకర్షించిన కట్టడం ఇదని చెప్పారు. తల దగ్గర కోటిలింగం మాస్టారు తొట్టి వైపు చూసి నా వైపు తల ఊపాడు. ఆయన పక్కన హిమజ ఉంది. తొట్టి మూత తెరిచింది. దించి ఉన్న షట్టరు వెనక నీళ్లు చేరాయి.

అంజిబాబు షట్టరుకు దిగువన వంగి, అరచేత్తో పామి, గొంతు ఎత్తాడు.

"అధ్యాపకుల వారూ, ఇందులో నీళ్లు ఎప్పుడు వదిలారండీ?"

నోరు విప్పవద్దన్నారు. విప్పలేదు. రెండు చేతులతో చక్రం పట్టుకుని షట్టరు ఎత్తాను.